తెలుగు పెళ్లిళ్లు తీయడానికి మొదట ఏ లెన్స్ కొనాలి?

మీ దగ్గర క్రాప్ సెన్సర్ కెమెరా (ఫోటోను పట్టే చిప్, అంటే సెన్సర్, కాస్త చిన్నగా ఉండేది), దానితో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. ఈ అంకెలు మిల్లీమీటర్లు (ఎం.ఎం.): చిన్న అంకెకి ఎక్కువ దృశ్యం పడుతుంది, పెద్ద అంకెకి దూరంలో ఉన్నది దగ్గరగా వస్తుంది. పెళ్లి ఆర్డర్లు మొదలుపెడుతున్నారు కాబట్టి 50 ఎం.ఎం. కొనాలా, 70-200 కొనాలా అని అడిగారు. కృష్ణా, గుంటూరు వైపు కొన్నేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న అనుభవంతో చెబుతున్నానండీ, మొదట ఆ రెండూ వద్దు. జూమ్ మొత్తం ఎఫ్ 2.8 ఉండే 17-50 లాంటి లెన్స్ తీసుకోండి. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది.

జీలకర్ర బెల్లం సమయంలో మీరు ఎక్కడ నిలబడతారో ఆలోచించండి. ఇద్దరి మధ్య అడ్డుతెర, దాన్ని పట్టుకున్నవాళ్లు, పక్కనే పురోహితుడు, అటూ ఇటూ తల్లిదండ్రులు, మేనమామలు, ఎదురుగా వీడియో వాళ్లు. మీకు మిగిలేది పెళ్లిపీటలకు నాలుగైదు అడుగుల దూరంలో కాస్త చోటు. వెనక్కి జరిగే వీలుండదు. సెన్సర్ చిన్నది కాబట్టి మీ కెమెరాలో 50 ఎం.ఎం. దాదాపు 75 లాగా పనిచేస్తుంది. అంత దగ్గర నుంచి తీస్తే ముఖాలు వస్తాయి గానీ, ఒకరి తల మీద ఒకరు పెట్టిన చేతులు, మధ్యలో తెర, వెనకాల అమ్మానాన్నల ముఖాలు అన్నీ ఒకే ఫ్రేములో పట్టవు. ఆ కుటుంబం పదేళ్ల తర్వాత ఆల్బమ్ తెరిచి వెతుక్కునేది ఆ ఫోటోనే. 17 దగ్గర అదంతా వస్తుంది. తెర తీయగానే 50కి జూమ్ చేస్తే పెళ్లికూతురి చూపు దొరుకుతుంది. ఆ రెండు క్షణాల మధ్య లెన్స్ మార్చే టైమ్ ఎవరూ ఇవ్వరు.

70-200 వేదిక కింద నుంచి తీయడానికి బాగుంటుంది. కానీ సరిగ్గా ముహూర్తం వేళకి బంధువులంతా లేచి వేదిక ఎక్కుతారు, కింద నుంచి వాళ్ల వీపులే కనిపిస్తాయి. దాని విలువ అప్పగింతల్లో తెలుస్తుంది. కూతురి చేయి అప్పగిస్తున్న తండ్రి దగ్గరికి కెమెరాతో వెళ్లడం నాకు మనసొప్పదు, దూరం నుంచే తీస్తాను. ఆర్డర్లు నిలకడగా వచ్చేదాకా ఈ లెన్స్ అద్దెకు తెచ్చుకుంటే చాలు.

ఇక వెలుతురు. ముహూర్తాలు రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువ. మీ 18-55ని 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6కి పడిపోతుంది. ఎఫ్ 2.8 దానికి నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది, అంటే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి, పెంచేకొద్దీ ఫోటోలో గరుకు పెరుగుతుంది) 6400 బదులు 1600తో సరిపెట్టుకోవచ్చు. పట్టుచీర జరీలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మండపంలో ఎల్ఈడీ లైట్ల వల్ల ఫోటోలో అడ్డంగా చారలు వస్తుంటే షట్టర్ వేగం సెకనులో వందో వంతుకి (1/100) తెచ్చి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలాసార్లు అక్కడ సర్దుకుంటుంది. తలంబ్రాలకు మాత్రం అంత నెమ్మది పనికిరాదు, గింజలు గీతల్లా సాగిపోతాయి. అప్పుడు ఫ్లాష్ వాడండి.

గ్రూప్ ఫోటోలకు కొత్త లెన్స్ అక్కర్లేదు. ఎఫ్ 1.8 లాంటి చిన్న అంకె పెడితే ఫోకస్ లోతు తగ్గి వెనక వరస మసకబారుతుంది. ఎఫ్ 8, ఫ్లాష్, మీ పాత 18-55 సరిపోతాయి. అందుకే దాన్ని అమ్మకండి.

రెండో లెన్స్‌గా 50 ఎఫ్ 1.8 కొనండి, ధర తక్కువ. పెళ్లికూతురిని చేసేటప్పుడు కిటికీ వెలుతురులో ఆమె ముఖానికి అది చాలా అందంగా ఉంటుంది. మంగళసూత్రాలు, ఉంగరాలు దగ్గరగా తీయడానికి దానికే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలించుకోవచ్చు, చిన్న వస్తువుల్ని పెద్దగా తీసే మ్యాక్రో లెన్స్ ఇప్పుడే అవసరం లేదు.

కంపెనీల సంగతికొస్తే, డీఎస్ఎల్ఆర్‌కి సిగ్మా, టామ్రాన్ రెండింటి 17-50 ఎఫ్ 2.8లూ సెకండ్ హ్యాండ్‌లో వెతకొచ్చు. మిర్రర్‌లెస్ అయితే సిగ్మా 18-50, టామ్రాన్ 17-70 ఉన్నాయి, రెండూ ఎఫ్ 2.8. మీ కెమెరా మౌంట్‌కి (లెన్స్ బిగించే చోటుకి) సరిపోయేది చూసుకోండి. అక్షింతలు, పసుపు నేరుగా గాజు మీద పడకుండా లెన్స్ ముందు తొడిగే హుడ్ ఎప్పుడూ ఉంచండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చ్ వేసి లోపల సాలెగూడులా ఫంగస్ ఉందేమో చూడండి. కోస్తా తేమకి అది తొందరగా పడుతుంది. కొన్నాక మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, వానాకాలంలో జెల్ మార్చడం మర్చిపోవద్దు.