బిడ్డ పరిశోధన చేస్తానంటే దిగులెందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు నడుపుతాను. మా అమ్మాయి నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎం.కాం. పూర్తిచేసి, కంపెనీల ఫైనాన్స్, గవర్నెన్స్ (కంపెనీని ఎవరు, ఎలా నడిపిస్తారు, ఎవరికి జవాబుదారీ)పై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంకా ఐదేళ్లంటే పెళ్లి సంగతేమిటని బంధువులు అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఫైనాన్స్ అనలిటిక్స్ ఎంబీఏలో చేర్పించడం మేలా?

జవాబు: మీ దిగులు చదువు గురించి కాదు, బంధువుల ప్రశ్న గురించి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఆ ప్రశ్నకు భయపడి బిడ్డ చదువును మార్చడం తప్పని ముందే చెబుతున్నాను.

ఈ పరిశోధన ఏమిటో మీ మిల్లులోనే చూడవచ్చు. డబ్బు మీది, ధాన్యం ఏ ధరకు కొనాలన్న నిర్ణయం గుమాస్తాది అయితే, ఆయన మీ లాభం చూస్తాడా, తన సౌకర్యం చూసుకుంటాడా అన్న అనుమానం మీకు తప్పదు. వాటాదారులకూ మేనేజర్లకూ మధ్య ఉండే ఇదే చిక్కును 1976లో ఆర్థికవేత్తలు జెన్సన్, మెక్లింగ్ సిద్ధాంతీకరించారు. కంపెనీ మారిన మేనేజర్ల వెంట వారి నిర్ణయాలు తీసుకునే తీరు కూడా వెళ్తుందని అమెరికా కంపెనీల లెక్కలతో 2003లో ఆర్థికవేత్తలు బెర్ట్రాండ్, షోర్ చూపారు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లో, 2008 డిసెంబర్ 16న ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఆమోదం తెలిపిన బోర్డులో పేరున్న స్వతంత్ర డైరెక్టర్లే (యజమానులతో సంబంధం లేని బయటి సభ్యులు) ఉన్నారు. మూడు వారాలకే, 2009 జనవరి 7న, లెక్కలు తప్పుడువని రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన (లిస్టెడ్) కంపెనీ బోర్డులో కనీసం మూడింట ఒక వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. ఆ నియమం నిజంగా పనిచేస్తోందా అని తేల్చాలంటే, ఎవరు ఎన్ని సమావేశాలకు హాజరయ్యారు, ఆడిట్ కమిటీలో ఎవరున్నారు అనే వివరాలను వందల వార్షిక నివేదికల నుంచి ఏళ్లవారీగా ఎక్కించుకోవాలి. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉందంటే సంతోషించవలసిన విషయం.

మీరు చూసిన ఎంబీఏపై నాకు గట్టి అనుమానాలున్నాయి. ఫ్లెక్సీల మీద అచ్చువేసే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. తరగతిలో మధ్యస్థాయి విద్యార్థికి ఎంత జీతం వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. లక్షలు కట్టి చదివి, చివరకు వ్యక్తిగత రుణాలు అమ్మే ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. ధాన్యం బస్తాను పరీక్షించకుండా కొనని మీరు, ఫ్లెక్సీని చూసి బిడ్డ భవిష్యత్తును నిర్ణయించడం ఏం న్యాయం?

పరిశోధనలోనూ కష్టముంది. రెగ్యులర్ అధ్యాపక పోస్టుల నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి, గణాంక శాస్త్రం గట్టిగా రావాలి. అయితే యూజీసీ నెట్ పరీక్ష ద్వారా కామర్స్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది కనుక ఆమె మీకు భారం కాదు. చేరే ముందు ఆమెతోపాటు మీరూ వెళ్లి, గైడ్ దగ్గర ఎందరు విద్యార్థులు పీహెచ్‌డీ పూర్తిచేశారో, భారతీయ కంపెనీల ఆర్థిక లెక్కలుండే సీఎంఐఈ సంస్థ వారి ప్రోవెస్ డేటాబేస్ ఆ విభాగానికి అందుబాటులో ఉందో లేదో కనుక్కోండి.