ఆరని హార్డ్ డిస్క్ లైటు
ప్రశ్న: ఏ పనీ చేయకపోయినా మా ఇంటి కంప్యూటరులో హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మిణుకుమంటూనే ఉంటోంది. కారణమేమిటి?

జవాబు: విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలను కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజరులో ‘డిస్క్’ శీర్షికపై క్లిక్ చేస్తే, డిస్కును ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రాములు పైకి వస్తాయి. అక్కడ సెర్చ్ ఇండెక్సింగ్ (ఫైళ్లను త్వరగా వెతికేందుకు విండోస్ జాబితా తయారుచేసుకునే పని) గానీ యాంటీవైరస్ స్కాన్ గానీ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. కంప్యూటరును కొన్ని గంటలు ఆన్‌లో ఉంచితే ఆ పని దానంతటదే ముగుస్తుంది. (చాలామంది మధ్యలోనే ఆపేసి, మర్నాడు మళ్లీ మొదలైందని విసుక్కుంటారు.) ర్యామ్ 4 జీబీయే ఉండి, బ్రౌజరులో 20 ట్యాబులు తెరిచి ఉంటే మాత్రం, చాలని మెమరీకి బదులుగా విండోస్ డిస్కులోని పేజ్ ఫైలును వాడుకుంటుంది కనుక, ర్యామ్ పెంచుకోవడమే మేలు. లోపలినుంచి టక్ టక్‌మనే చప్పుడు కూడా వస్తుంటే డిస్కే పాడవుతోందని అనుమానించి, మిగతా పరీక్షలకన్నా ముందు ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.