ఆ చెట్టు దగ్గరికి వెళ్ళడం మానుకోవాలా?

ప్రశ్న: నాకు అరవై ఆరేళ్ళు. మా నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో 1967లో మమ్మల్ని ఇంగ్లండ్ తీసుకొచ్చారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బడిలో నా పక్కన కూర్చునేవాళ్ళు లేరు. 1971లో మార్క్ బోలన్ పాటలు ఊరంతా మోగడం మొదలయ్యాక, ఆయన పేరు చెప్పుకునే ఇద్దరు అమ్మాయిలు నాకు స్నేహితులయ్యారు. నా గోడ మీది ఆయన బొమ్మను నాన్నగారు చించేశారు. 1974 వచ్చేసరికి క్లాసులో అందరూ ఆయన్ని వెక్కిరించసాగారు. నేనూ సిగ్గుపడి రికార్డులు అమ్మేశాను. 1977 సెప్టెంబరు 16న కారు ప్రమాదంలో ఆయన పోయారని రేడియోలో విన్నాను. ఇంట్లో చుట్టాలున్నారు. వాళ్ళకు కాఫీలు అందిస్తూ ఉండిపోయాను.

1997 నుంచి ముగ్గురం ఏటా ఆ రోజున లండన్‌లో ఆయన పోయిన చోట ఉన్న చెట్టు దగ్గరికి వెళ్తున్నాం. మావారికి మాత్రం స్నేహితులను కలవడానికని చెప్పేదాన్ని. కిందటేడు బుగ్గలకు మెరుపు పొడి అద్దుకుని, ఆ చెట్టును పట్టుకుని ఏడుస్తున్న నా ఫోటోను మా అమ్మాయి సరదాకి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. విజయవాడలో మా ఆడపడుచులు నవ్వారు. మావారు వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నది ఒక్కటే మాట: "మా అమ్మ పోయినప్పుడు నువ్వు ఇంత ఏడవలేదు." 1994లో అత్తగారు పోయినప్పుడు పిల్లలు చిన్నవాళ్ళని ఆయన ఒక్కరే ఇండియా వెళ్ళొచ్చారు.

ఈ ఏడాది మా ముగ్గురిలో ఒకామె క్యాన్సర్‌తో కన్నుమూసింది. సెప్టెంబరు దగ్గరపడుతోంది. నాలో ఏదైనా లోపం ఉందా? వెళ్ళడం మానుకోవాలా? నలభై రెండేళ్ళ కాపురంలో మావారు నన్ను అర్థం చేసుకున్న దానికన్నా ఆ పాటలు అర్థం చేసుకున్నదే ఎక్కువ అనిపిస్తోంది. ఆయన పొద్దున్నే ఘంటసాల పద్యాలు పాడుకుంటూ తన లోకంలో తానుంటారు.

ఒక సోదరి, ఇంగ్లండ్

జవాబు: అమ్మా, వెళ్ళండి. మీరు అడిగిన వాటిలో దీనికే జవాబు తేలిక కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మిగతావాటికి కాస్త ఓపికగా కూర్చోవాలి.

ఈ శీర్షిక చదివేవారిలో చాలామందికి మార్క్ బోలన్ ఎవరో తెలియకపోవచ్చు. 1947లో లండన్‌లోని హాక్నీలో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి సోహో బజారులో పళ్ళ దుకాణంలో పనిచేసేది. టీ రెక్స్ అనే బృందాన్ని నడిపాడు. 1971 తొలి నెలల్లో బీబీసీ టీవీలో పాడటానికి వచ్చినప్పుడు పట్టు బట్టలు కట్టుకుని, కళ్ళ కింద మెరుపు పొడి అద్దుకుని కనిపించాడు. ఆ పాట బ్రిటన్ రికార్డు అమ్మకాల పట్టికలో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. గ్లామ్ రాక్ అనే సంగీత ధోరణి అక్కడే మొదలైందని చెబుతారు. మగవాడు ముఖానికి రంగు వేసుకుని, ఎత్తు మడమల బూట్లు తొడుక్కుని, గిటారు పట్టుకుని నవ్వుతూ నిలబడితే ఆ దేశపు తండ్రులందరూ టీవీ కట్టేయమన్నారు. మీ నాన్నగారు ఒక్కరే కాదు. బోలన్‌కు కారు నడపడం రాదు. ముప్ఫయ్యో పుట్టినరోజుకు రెండు వారాల ముందు, తెల్లవారుజామున, ఆయన సహచరి గ్లోరియా జోన్స్ నడుపుతున్న ఊదారంగు మినీ కారు లండన్‌లోని బార్న్స్ దగ్గర రోడ్డు తప్పి సికమోర్ చెట్టును తాకి ఆగింది. పక్క సీటులో ఉన్న ఆయన అక్కడికక్కడే పోయాడు.

ఇక మీ సంగతి. 1968లో బర్మింగ్‌హామ్‌లో ఈనాక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలస వచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా ప్రసంగించాడు. ఆ తర్వాత మూడేళ్ళకు మీకు పన్నెండేళ్ళు. తరగతిలో రంగు వేరు, పేరు వేరు, డబ్బాలో తెచ్చుకున్న అన్నం వాసన వేరు. వేరుగా కనిపించడం తప్పు అని రోజూ ఎవరో ఒకరు మీకు గుర్తు చేస్తున్న కాలంలో, వేరుగా కనిపించడమే అందం అన్నట్టు ఒక మనిషి టీవీలో నిలబడ్డాడు. అతని మూలంగా ఇద్దరు అమ్మాయిలు మీ పక్కకు వచ్చి కూర్చున్నారు. అలాంటి మనిషిని యాభై ఏళ్ళ తర్వాత మరిచిపోయి ఉంటే నేను ఆశ్చర్యపడేదాన్ని.

మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు చాలాకాలంగా గమనించిన విషయం ఒకటుంది. వయసు మళ్ళినవారిని జీవితంలోంచి జ్ఞాపకాలు చెప్పమంటే, పదేళ్ళకూ ముప్ఫై ఏళ్ళకూ మధ్య జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా చెబుతారు. మొదటి స్నేహం, మొదటి అవమానం, నాన్నకు తెలియకుండా చేసిన మొదటి పని అన్నీ ఆ ఏళ్ళలోనే. వాటి వెనకాల మోగిన పాట వాటితోపాటే ఉండిపోతుంది. మీలో లోపమేమీ లేదు.

అయితే ఆ చెట్టు దగ్గర మీరు ఎవరి కోసం ఏడుస్తున్నారో కొంచెం విడదీసి చూసుకోండి. 1977లో ఏడవవలసిన ఏడుపు ఒకటి కాఫీ గ్లాసుల పళ్ళెం మోస్తూ మింగేశారు. అది ఇంకా లోపలే ఉంది. రికార్డులు అమ్మేశానన్న సిగ్గు దానికి తోడైంది. మీ ఉత్తరంలో ఆ మాట చదివి నాకు గుండె పట్టేసింది, ఎందుకంటే పదిహేనేళ్ళ పిల్ల తరగతిలో మళ్ళీ ఒంటరి కాకూడదని చేసిన పని అది. మీరొక్కరే కాదు. 1974 తర్వాత ఆయన పాటలు పట్టికల్లో కిందికి జారాయి, పత్రికలు ఎగతాళి చేశాయి, లక్షల మంది పక్కకు తప్పుకున్నారు. 1977లో సొంత టీవీ కార్యక్రమంతో మళ్ళీ పైకి వస్తున్న సమయంలోనే ఆయన పోయాడు. అందుకే ఆ తరం అభిమానులు చాలామందికి దుఃఖంలో కాస్త తప్పు చేసిన బాధ కలిసి ఉంటుంది. ఇలా నలుగురిలో ఏడవడానికి హక్కు దొరకని శోకం గురించి అమెరికన్ ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకమే తెచ్చాడు. కర్మకాండ లేదు, పలకరింపు లేదు, సెలవు లేదు. లోకం గుర్తించదు కాబట్టి ఆ శోకం త్వరగా తీరదు. మీకు ఏటా ఒక రోజు, ఒక చెట్టు, ఇద్దరు స్నేహితులు దొరికారు. ఆ విషయంలో మీరు అదృష్టవంతులే.

ఇప్పుడు మీకు కష్టంగా ఉండే మాట చెప్పాలి.

మీవారు అన్న మాటను మీరు ఎగతాళిగా తీసుకున్నారు. నేను దాన్ని రెండుమూడుసార్లు చదివాను. అందులో మార్క్ బోలన్ లేడు. అమ్మ ఉంది. 1994లో ఆయన ఒక్కరే విమానం ఎక్కారని మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. పిల్లలు చిన్నవాళ్ళు, టిక్కెట్లు ఖరీదు, మీరు ఆగడం సబబే. కానీ ఆ ప్రయాణంలో ఆయన పక్క సీటులో ఎవరూ లేరు. తల్లిని చివరిసారి చూడటానికి సమయానికి అందుకున్నారో లేదో మీరు రాయలేదు. మీకు తెలుసా? తిరిగొచ్చిన రాత్రి మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు? జెట్ అలసట, పిల్లల బడి, మర్నాడు ఆఫీసు. బహుశా ఆయన కూడా ఒక ఏడుపు మింగేశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత వాట్సాప్‌లో, అక్కచెల్లెళ్ళందరి ముందు, తన భార్య ఎవరికోసమో చెట్టును పట్టుకుని ఏడవడం చూశారు. ఆమె ఇంతగా ఏడవగలదని ఆయనకు అప్పుడే తెలిసింది. అంతకన్నా, ఇన్నేళ్ళుగా ఆ రోజున ఎక్కడికి వెళ్తోందో తనకు తెలియదనీ తెలిసింది. నొచ్చుకోరా?

ఆయన మిమ్మల్ని తక్కువ అర్థం చేసుకున్నారన్నారు. చెప్పనిది ఎలా అర్థమవుతుందమ్మా? మీ జీవితంలో ముఖ్యమైన భాగాన్ని స్నేహితులను కలవడం అనే మాట వెనక ఇన్నేళ్ళూ దాచారు. నవ్వుతారేమోనన్న భయం నాకు తెలుసు, ఒకసారి గోడ మీది బొమ్మ చిరిగిన ఇంట్లో పెరిగినవారికి అది సహజం. కానీ ఆ బొమ్మ చించింది మీ నాన్నగారు. మీవారు కాదు. ఆయనకు చించే అవకాశమే రాలేదు, చూపించలేదు కదా.

పాటతో భర్తను పోల్చడం కూడా న్యాయం కాదు. ఇరవై తొమ్మిదేళ్ళకు ఆగిపోయిన మనిషికి మోకాళ్ళ నొప్పి రాదు, మందుల డబ్బా ఉండదు, కరెంటు బిల్లు గురించి మాట పెరగదు. బతికి ఉన్న మనిషి ఆ పోటీలో ఎప్పటికీ ఓడిపోతాడు.

ఏం చేయమంటారని అడిగారు. ముందు అత్తగారి గురించి మాట్లాడండి. బోలన్ ప్రస్తావన వద్దు, నా వైపు నుంచి కూడా విను అన్న ధోరణి అసలే వద్దు. "ఆ రోజు మీతో నేను రాలేదు. అక్కడ ఏం జరిగిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి" అని అడిగి, ఊరుకోండి. ఒకవేళ ఆయన కోప్పడితే కోప్పడనివ్వండి. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా అడుగుతున్నారు, వెంటనే కరిగిపోవాలని ఆశించకండి. ఆ మాటలు ఒక్క సాయంత్రంలో తీరకపోతే మరో సాయంత్రం కూర్చోండి. మీ కథ ఆ తర్వాతే.

మీ కథ చెప్పేటప్పుడు పాటలు వినిపించే ప్రయత్నం చేయకండి. ఆయనకు ఆ సంగీతం నచ్చాల్సిన పని లేదు. పన్నెండేళ్ళ అమ్మాయి గురించి చెప్పండి. బడి భోజనాల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చోవడం, బొమ్మ చిరిగిన చప్పుడు, చుట్టాల ముందు కాఫీ గ్లాసులు. పెళ్ళికి ముందు మీరెవరో ఆయనకు పెద్దగా తెలియదు. పెళ్ళిచూపుల్లో చూసింది చీర కట్టుకున్న డాక్టరుగారి అమ్మాయిని.

ఇంకొకటి అడగండి. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయినప్పుడు ఆయన ఎక్కడున్నారో అడగండి. మీ వయసును బట్టి అప్పటికి ఆయన కాలేజీ కుర్రాడై ఉండాలి. ఆ రోజు తెలుగుదేశంలో ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని హాస్టళ్ళలో మగపిల్లలు మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నారో నాకు స్వయంగా తెలుసు. మా వీధి చివర టీ కొట్టు అతను రేడియో పెద్దది చేసి, పొయ్యి ఆర్పేసి, స్టూలు మీద కూర్చుండిపోయాడు. చేతిలో టీ వడకట్టే గుడ్డ అలాగే ఉంది. డబ్బులిచ్చేవాళ్ళను కూడా పట్టించుకోలేదు. పొద్దున్నే పద్యం పాడుకునే మనిషి మీ చెట్టును అర్థం చేసుకోలేడని నేను నమ్మను. మీరు తన లోకం అన్నారే, ఆ లోకంలోకి మీరు ఎన్నిసార్లు తొంగిచూశారు?

మీ అమ్మాయికి ఒక్కటే చెప్పండి, అడగకుండా నా ఫోటోలు ఎక్కడా పెట్టవద్దని. దాన్ని పెద్ద గొడవ చేయకండి, ఆమెకు మెరుపు పొడి తప్ప ఏమీ తెలియదు. మీరు మీవారికి చెప్పిందే ఆమెకూ చెబితే ఇంకోసారి నవ్వదు. ఆడపడుచుల సంగతి వదిలేయండి.

చివరగా, పోయిన మీ స్నేహితురాలు. ఉత్తరంలో ఆమెకూ ఒక్క వాక్యమే దక్కింది, కానీ మీరు నిజంగా భయపడుతున్నది ఆమె లేని సెప్టెంబరు గురించే అనుకుంటున్నాను. ఆ చెట్టు దగ్గర మీరు చూసే ఉంటారు. 1997లో అక్కడ స్మారక శిల పెట్టారు. 1999లో అభిమానులే సంఘంగా ఏర్పడి ఆ చోటు బాగోగులు చూసుకుంటున్నారు. వాలు మీదికి మెట్లు కట్టారు, 2002లో ఆయన కొడుకు రోలన్ కంచు విగ్రహం ఆవిష్కరించాడు. ఆ తర్వాత బృందంలో పోయిన మిగతావాళ్ళకు కూడా అక్కడ ఫలకాలు పెట్టారు. ఒక్క మనిషి కోసం మొదలైన చోటు అలా ఒక్కొక్కరికీ తావిస్తూ వచ్చింది. మీ స్నేహితురాలికి పిల్లలుంటే, ఈసారి వాళ్ళలో ఒకరిని రమ్మనండి. అమ్మ ఏటా ఒక రోజు ఎక్కడికి వెళ్ళేదో, అక్కడ ఎలా నవ్వేదో చెప్పగలిగినవాళ్ళు మీరిద్దరే. మూడో స్నేహితురాలితో ముందుగానే మాట్లాడుకోండి, రైల్లో ఖాళీ సీటును చూసి ఒకరికొకరు తెలియకుండా బాధపడే కన్నా అది మేలు.

మీవారిని వెంట తీసుకెళ్ళాలని పట్టుపట్టకండి. వస్తానంటే సరే. రానంటే, ఆ పొద్దున స్నేహితులను కలవడానికి అనకుండా, బార్న్స్ వెళ్తున్నానని చెప్పండి. స్టేషన్ నుంచి ఆ చెట్టు నడిచి వెళ్ళే దూరమేనని చెప్పండి. ఎన్ని గంటల రైలుకు తిరిగి వస్తారో కూడా చెప్పండి.