కమ్యూనిటీ కాలేజీలో మిగిలిన డబ్బుతో షాద్‌నగర్‌లో ప్లాటా?

ప్రశ్న: మేం శాన్‌హోజేలో ఉంటాం. గ్రీన్‌కార్డు ఉంది. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి లక్షా 65 వేల డాలర్లు. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. అమ్మాయి ఆర్ట్ చదువుతానంటోంది. రెండేళ్లు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూసీఎల్‌ఏకో శాన్‌హోజే స్టేట్‌కో ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ప్లాన్. పిల్లల చదువు కోసం దాచే 529 ఖాతాలో 31 వేలు, సేవింగ్స్‌లో 9 వేలు ఉన్నాయి. నెల ఖర్చు 8,200. ఈ రెండేళ్లూ యూనివర్సిటీ ఫీజు మిగులుతుంది కాబట్టి, ఇంటి మీద హెలాక్‌లో (ఇంటిని పూచీగా పెట్టి, లిమిట్ దాకా కావలసినప్పుడు తీసుకునే బ్యాంకు అప్పు) 70 వేలు తీసి షాద్‌నగర్ దగ్గర ప్లాట్ కొని, ట్రాన్స్‌ఫర్ అయ్యే టైమ్‌కి అమ్మేద్దామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ అమ్మాయి ప్లాన్ బాగుంది. మీ ప్లాన్ బాగోలేదు. ఇలాంటి ఉత్తరాలు బే ఏరియా నుంచి, డల్లాస్ నుంచి తరచూ వస్తుంటాయి. ఊళ్లూ వెంచర్లూ మారతాయి, లెక్క మాత్రం అదే. అందుకే జవాబు వివరంగా ఇస్తున్నాను.

ముందుగా, మీకు మిగిలిందేమీ లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్‌కి (అంటే ఒక క్రెడిట్‌కి) 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కి కావలసిన 60 యూనిట్లకు 2,760. చాలా కాలేజీల్లో మొదటిసారి, ఫుల్‌టైమ్ చేరిన పిల్లలకు అది కూడా మాఫీ చేస్తున్నారు. యూనివర్సిటీలో నేరుగా చేరి ఉంటే ఎంతో ఖర్చయ్యేది, నిజమే. కానీ ఆ డబ్బు మీ చేతిలో ఎప్పుడూ లేదు. ఖర్చు తప్పింది, అంతే. తప్పిన ఖర్చును మిగులు కింద రాసుకుని, దాని పేరు మీద 70 వేలు అప్పు తెస్తున్నారు.

ఇక మీ అసలు సమస్యకు వద్దాం. దాని గురించి మీరు అడగనేలేదు. సేవింగ్స్‌లో 9 వేలు, నెల ఖర్చు 8,200. అంటే రేపు ఉద్యోగం పోతే ఐదో వారానికి చెయ్యి చాచాలి. ఇంట్లో జీతం ఒక్కటే. కాలిఫోర్నియాలో నిరుద్యోగ భృతి వారానికి 450 డాలర్లు మించదు. కంపెనీ ఇన్సూరెన్స్‌ను కోబ్రా చట్టం కింద కొనసాగించాలంటే ఇప్పటిదాకా కంపెనీ కడుతున్న వాటా కూడా మీ నెత్తిన పడుతుంది. చుట్టూ లేఆఫ్‌లు చూస్తూ కూడా 9 వేలతో నిద్ర ఎలా పడుతోందండీ?

‘అవసరమైతే హెలాక్ ఉంది కదా’ అంటారేమో. మార్కెట్ పడినప్పుడు వాడని లిమిట్‌ను బ్యాంకు తగ్గించగలదు, ఆపేయనూ గలదు. మీరు ఉద్యోగం పోగొట్టుకునే రోజులూ అవే అవుతాయి. పైగా ఆ లిమిట్‌ను మీరు ముందే ప్లాట్‌లో పోసేస్తున్నారు.

ఎమర్జెన్సీ ఫండ్‌కీ ఆర్ట్ డిగ్రీకీ సంబంధమేమిటి అంటారా? చాలా ఉంది. మిగతా సబ్జెక్టుల్లా ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకుని వెనకబడింది అందుకోవడం ఆర్ట్‌లో కష్టం. 3 యూనిట్ల స్టూడియో క్లాసు వారానికి ఆరు గంటలు తింటుంది. డ్రాయింగ్ అయితేగానీ లైఫ్ డ్రాయింగ్‌లోకి రానివ్వరు. ఒక్క సెమిస్టర్ జారితే దాని వెనకున్నవన్నీ జారతాయి. డేవిస్, ఇర్వైన్, శాంటా క్రూజ్ లాంటి ఆరు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఇస్తాయి. దానికి చేరబోయే ముందు ఏడాది సెప్టెంబర్‌లోనే దరఖాస్తు పెట్టాలి. యూసీఎల్‌ఏకి ఆ గ్యారంటీ లేదు, అక్కడ ఆర్ట్‌కి పోర్ట్‌ఫోలియో కూడా చూస్తారు. ఎక్కడైనా సరే, ఒప్పుకున్న కోర్సులన్నీ స్ప్రింగ్‌కల్లా పూర్తి కావాలి, లేకపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు. ఇప్పుడు ఆలోచించండి. ట్రాన్స్‌ఫర్ కావలసిన ఏడాది జనవరిలో మీ ఉద్యోగం పోయింది. అమ్మాయి స్టోర్‌లో సాయంత్రం షిఫ్టులు పట్టింది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉండే పెయింటింగ్ క్లాసు వదిలేసింది. ట్రాన్స్‌ఫర్ ఏడాది వెనక్కి పోయింది. ప్లాట్ ఉంటే ఇది ఆగేదా? ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే ఆగుతుంది. అసలు రెండేళ్లనే కాదు, మూడో ఏడాది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఆరు నెలలంటే సుమారు 49 వేలు. మీకు 40 వేలు తక్కువ. నెలకు 1,700 చొప్పున పక్కన పెడితే రెండేళ్లలో చేరుకుంటారు. ఎక్కువనిపిస్తే బోనస్‌నీ టాక్స్ రిఫండ్‌నీ ఇందులోకే మళ్లించండి. హెలాక్ వడ్డీ ఎనిమిది శాతం అనుకున్నా 70 వేల మీద నెలకు 470 దాకా పడుతుంది, అదీ రేటు పెరగకపోతే. ఆ 470 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అదే ఇక్కడ వేయండి. సేవింగ్స్ ఖాతాలో డబ్బు పడుంటే మురిగిపోతున్నట్టు అనిపించవచ్చు. అనిపించనివ్వండి.

ప్లాట్ సంగతి. రెండేళ్లలో డబుల్ అవుతుందని మీకు చెప్పినవాడు అమ్మేవాడో, కమిషన్ తీసుకునేవాడో అయి ఉంటాడు. అవుతుందనే అనుకుందాం. కానీ యూనివర్సిటీ బిల్లుకు గడువు తేదీ ఉంటుంది, ప్లాట్ కొనేవాడికి ఉండదు. అమ్మేది ఎన్నారై అనగానే, టీడీఎస్ కోయాల్సింది తనేనని తెలిసి సగం మంది జంకుతారు. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాదు, మొత్తం అమ్మకం ధర మీద కోస్తారు. 24 నెలలు నిండకముందే అమ్మితే లాభానికి స్లాబ్ ప్రకారం పన్ను. ఆ లాభాన్ని అమెరికా రిటర్న్‌లోనూ చూపించాలి. ఇంకొకటి: ఫాఫ్సాలో (కాలేజీ ఆర్థిక సాయానికి నింపే ఫెడరల్ దరఖాస్తు) మీరుండే ఇల్లు లెక్కలోకి రాదు, ప్లాట్ వస్తుంది. అప్పేమో ఇంటి మీద ఉంది కాబట్టి ప్లాట్ విలువలోంచి దాన్ని తీసెయ్యనివ్వరు.

529లో ఉన్నది చిన్న మొత్తం కాదు. కోర్సుకు తప్పనిసరైన రంగులు, కాన్వాసులు, చార్‌కోల్ కూడా దాంతో కొనవచ్చు, బిల్లులు దాచండి. ఇంట్లో ఉండి శాన్‌హోజే స్టేట్‌కి వెళ్తే ఫీజులకు అదే సరిపోతుంది. యూసీఎల్‌ఏ అయితే హాస్టల్, తిండితో ఏడాదికి 40 వేలు దాటుతుంది, అది అడ్మిషన్ వచ్చాక తేల్చుకోండి. ఫాఫ్సా మాత్రం ఏటా నింపండి. కాలిఫోర్నియా మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ మీ ఆదాయం వాళ్లకూ అందుతుంది. తక్కువ పడితే డిగ్రీ మూడో, నాలుగో ఏడాదుల్లో అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోన్ ఏడాదికి 7,500 దాకా దొరుకుతుంది. తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ జోలికి వెళ్లకండి.

టర్మ్ పాలసీ గురించి మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చేది ఒక్కటే ఉంటే, విడిగా ఒకటి తీసుకోండి.

హెలాక్ లిమిట్ ఇప్పటికే తెరిచి ఉంటే ఉండనివ్వండి, అందులోంచి తీయకండి. వెంచర్ వాళ్లకు టోకెన్ అడ్వాన్స్ ఏమైనా ఇచ్చారో లేదో చెప్పలేదు. ఇచ్చి ఉంటే రసీదు, ఒప్పందం కాగితం, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ నాకు పంపండి. ‘ప్రీ-లాంచ్, నంబర్ ఇంకా రాలేదు’ అంటే మరో రూపాయి కూడా పంపకుండా, ఇచ్చినదాన్ని వెనక్కి అడుగుతూ ఈ వారంలోనే రాతపూర్వకంగా లెటర్ పెట్టండి.