విరాళాల నడకకు జట్టు టీషర్టులు: స్క్రీన్ ప్రింటింగ్ మేలా, డిజిటల్ ప్రింటింగ్ మేలా?

ఒక సేవాసంస్థకు విరాళాలు సేకరించే నడకలో మీ జట్టు పాల్గొంటోందని, అందరికీ కలిపి 40 టీషర్టులు అచ్చు వేయించాలని, అందుకు పై రెండు పద్ధతులలో ఏది మంచిదని మీరు అడిగారు. మీరు కోరింది పద్ధతి గురించే కాబట్టి ముందుగా అది చెప్పేస్తాను. ఒకటి రెండు రంగులే ఉండి 40 చొక్కాలు కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్, అంటే సన్నని జాలీ తెర గుండా బట్ట మీదకు సిరా నెట్టి అచ్చు వేయడం, చాలు. ఫొటోలాగా అనేక రంగులు ఉండి చొక్కాలు పది పన్నెండు మించకపోతే డిజిటల్ ప్రింటింగ్, అంటే కంప్యూటరులోని బొమ్మను తెరలు లేకుండా యంత్రంతో అచ్చు వేయడం, నయం. ఇది నా దృష్టిలో చిన్న విషయం. నాలుగేళ్లుగా మా జట్టు చొక్కాల బాధ్యత నా నెత్తిమీదే ఉంది. ఈ నాలుగేళ్లలో నాకు తెలిసి చెడిపోయిన ప్రతి ఆర్డరూ అచ్చయిన చొక్కా ఒకటైనా చేతిలోకి తీసుకుని చూడకుండా సరేనన్నదే.

మొదటి ఏడాది మా జట్టులో 64 మంది ఉండేవారు. ఛాతీ మీద పెద్ద అక్షరాలతో ‘ఒక్కొక్క అడుగు ఒక్కొక్క ఊపిరి’ అని వేయించాలని అందరం కలిసి నిర్ణయించుకున్నాము. వాక్యాన్ని నేనే టైపు చేసి, డిజైను ఫైలు ముద్రణ దుకాణానికి పంపాను. అక్కడివారికి తెలుగు చదవడం రాదు, నేను వాడిన ఫాంటు వారి కంప్యూటరులో లేదు, పైగా వారి సాఫ్ట్‌వేరుకు ఒత్తులు కూర్చడం చేతకాదు. మరునాడు వారు అనుమతి కోసం బొటనవేలంత బొమ్మ ఒకటి ఫోనుకు పంపగా, మా కమిటీలోని ఆరుగురమూ ఎవరి పనిలో వాళ్లం ఉండి, రంగు మాత్రం చూసి, బాగుందని వరుసగా జవాబులు ఇచ్చాము. నడకకు ముందురోజు సాయంత్రం పెట్టెలు విప్పితే, క కింద ఉండవలసిన ఒత్తులన్నీ విడిపోయి, పొల్లుల పక్కన మరో క నిలబడి, 64 చొక్కాల మీదా ‘ఒక్‌కొక్‌క అడుగు ఒక్‌కొక్‌క ఊపిరి’ అని అచ్చయి ఉంది. అప్పుడే చదవడం నేర్చుకుంటున్న మా జట్టు పిల్లవాడొకడు దానిని కూడబలుక్కుంటూ ‘ఒక్... కొక్... క’ అని చదివేసరికి అచ్చం కోడి కూసినట్లే ఉంది. ఆ రాత్రి నుంచి మాకు కోడి జట్టు అన్న పేరు స్థిరపడిపోయింది.

మళ్లీ వేయించడానికి వ్యవధి లేదు. దుకాణదారుతో వాదించబోతే ఆయన మా ఆరు జవాబులనూ వరుసగా చూపించారు, ఆయన తప్పేమీ లేదు. చివరికి ఛాతీ మీద పిన్నులతో గుచ్చుకునే నంబరు కాగితాలను కాస్త పైకి జరిపి ఆ వాక్యాన్ని వీలైనంత మేరకు కప్పి నడిచాము. మీ నడకలో కూడా నంబర్లు ఇస్తున్నట్లయితే, ఆ కాగితానికి ఛాతీ మీద చోటు వదిలి డిజైను గీయించుకోండి. లేకపోతే మాలాగా తప్పు దాచుకునే అవసరం లేకపోయినా మీ వాక్యం కూడా దాని కింద దాక్కుంటుంది.

ఆ సంగతి తెలిసిన మిత్రుడొకరు తరువాత నాకు నేర్పిన మెళకువ చాలా చిన్నది. ఫైలు పంపే ముందు అక్షరాలను అక్షరాలుగా ఉంచకుండా గీతలుగా మార్చాలి. డిజైను చేసేవారు దీనినే కర్వ్స్ చేయడం అంటారు. అప్పుడు ఎదుటి కంప్యూటరులో ఫాంటు ఉన్నా లేకపోయినా ఒత్తు కదలదు. లోగోను కూడా వాట్సాప్‌లో చేతులు మారి నలిగిన బొమ్మగా కాకుండా, ఎంత పెంచినా అంచులు చెదరని వెక్టర్ ఫైలుగా సేవాసంస్థనే అడిగి తీసుకోండి. ఎలాగూ వారి లోగో వాడటానికి వారి అనుమతి కావాలి.

లోగోల మాట వచ్చింది కాబట్టి ప్రాయోజకుల సంగతి కూడా చెప్పాలి. టీషర్టుల ఖర్చు భరిస్తామని ముందుకు వచ్చే ప్రతివారూ తమ లోగో తమ సొంత రంగులలోనే, మిగతావాటికంటే ఒక అంగుళం పెద్దదిగా ఉండాలని కోరతారు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర వేరుగా తయారుచేయాలి. ముదురు రంగు బట్ట అయితే అడుగున తెల్లపూతకు ఇంకొక తెర అవసరమవుతుంది. ఇలా తొమ్మిది లోగోల ముచ్చట తీర్చేసరికి వారు ఇచ్చిన డబ్బు తెరలకే సరిపోతుంది. అందుకే నేను లోగోలన్నీ వీపు మీద, ఒకే రంగులో, ఒకే పరిమాణంలో అన్న నియమం పెట్టాను. ఇద్దరు అలిగారు, ఒకరు తిరిగి వచ్చారు. ప్రాయోజకులు దొరకకపోతే ఎవరి చొక్కా వారే కొనుక్కోవాలి తప్ప, విరాళంగా వచ్చిన సొమ్ములోంచి చొక్కాలకు పైసా తీయడం నాకు ససేమిరా ఇష్టం లేదు, ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవారు ఇంతవరకు లేరు.

బట్ట ఎంపికను కూడా తేలికగా తీసుకోవద్దు. కాటన్ ఒంటికి హాయిగా ఉంటుంది కానీ చెమటను పీల్చుకుని బరువెక్కుతుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. అయితే స్క్రీన్ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే ప్లాస్టిసాల్ సిరా గట్టిపడటానికి సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడికి ఎర్ర పాలిస్టర్‌లోని రంగు పైకి ఊరి, తెల్లని అక్షరాలు గులాబీ రంగుకు తిరగవచ్చు, కాబట్టి తక్కువ వేడికి గట్టిపడే సిరా ఉందేమో అడగండి. వేడి చాలకపోతే కొన్ని ఉతుకులకే అచ్చు పగులుతుంది. సబ్లిమేషన్ అనే మరో పద్ధతిలో సిరా ఆవిరిగా మారి పోగులలోకే ఇంకుతుంది, చేతికి తగలదు, పగలదు. కానీ అది లేతరంగు పాలిస్టర్‌కే పనికివస్తుంది, కాటన్ మీద నిలవదు. ఏ బట్టయినా ఛాతీ నిండా ముద్దగా సిరా పూయించవద్దు, అంత మేర గాలి ఆడదు.

సైజుల విషయంలో ఎవరి మాటా నమ్మకండి. ఒక తయారీదారు మీడియం మరొకరి లార్జ్‌తో సమానంగా ఉంటుంది, పైగా జనం తాము ఉన్న సైజు బదులు తాము ఉండాలనుకునే సైజు చెబుతారు. నేనయితే ప్రతివారినీ తమకు నప్పిన చొక్కా ఒకటి నేలమీద పరిచి, చంక నుంచి చంక దాకా టేపుతో కొలిచి, ఆ అంగుళాలు డబ్బుతో పాటు పంపమంటాను. డబ్బు రాకపోతే పేరు జాబితాలో చేర్చను. పెద్ద సైజులలో రెండు మూడు ఎక్కువ వేయిస్తాను, ఎందుకంటే వదులైన చొక్కా ఎవరైనా తొడుక్కుంటారు, బిగుతైనది పెట్టెలోనే మిగిలిపోతుంది.

ఇక నమూనా, అంటే మొత్తం అచ్చు వేయడానికి ముందు వేయించి చేతిలోకి తీసుకుని చూసే ఒక్క చొక్కా. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్క చొక్కా కోసం కూడా తెరలన్నీ కట్టాలి కాబట్టి దుకాణదారు విసుక్కుంటారు, అదనంగా డబ్బు అడుగుతారు. ఇవ్వండి. అనుమతి ఇచ్చే అధికారం కూడా ఆరుగురికి కాకుండా ఒక్కరికే అప్పగించండి, ఆరుగురు చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదని అర్థం. నడక తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని, నమూనాలో తప్పు దొరికితే సరిదిద్దడానికి కనీసం రెండు వారాలైనా మిగిలేలా ఆర్డరు ఇవ్వండి.

ఈ ఏడాది మా నమూనా చొక్కా వచ్చిన రోజున దానిని ముందుగా ఆ పిల్లవాడి చేతికే ఇచ్చాను. ఇప్పుడు వాడు గడగడా చదువుతాడు. ఛాతీ మీది వాక్యం అంతా సరిగ్గానే ఉందని, వీపు మీద ఒక ప్రాయోజకుడి పేరులో దీర్ఘం ఎగిరిపోయిందని చెప్పాడు.