సిరొంచలో మా ఇంట్లో తక్కువ ఖర్చుతో టేకు ఫ్లోరింగ్ వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు, ఇల్లంతా కాకుండా ఒక గదితో సరిపెట్టుకుంటే. మన గడ్చిరోలి జిల్లాలో ఆలపల్లి టేకుకు మంచి పేరుంది, కానీ కొత్త చెక్క ఖరీదెక్కువ. పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు కొని మిల్లులో పలకలు కోయించడమే మేలని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కాబట్టి అంత సులువుగా వంకర పోదు. కోతకు ముందు మేకులన్నీ పీకించండి. ముదురు రంగు చేవ భాగమే తీసుకోండి. అంచున ఉండే తెల్లటి చెక్కకు చెదలు త్వరగా పడతాయి. తరుగు కోసం 10 శాతం ఎక్కువ కొనండి.

అన్నిటికంటే పెద్ద సమస్య చెమ్మ. నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు టేపుతో అంటించి, ఒక రోజు తర్వాత తీసి చూడండి. అడుగున నీటి చుక్కలుంటే పని వాయిదా వేయాల్సిందే, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే. వానాకాలంలో అసలు మొదలుపెట్టకండి. చలికాలం అనువైనది. పలకల్ని అదే గదిలో వారం, పది రోజులు గాలి ఆడేలా పేర్చి ఉంచండి.

సిమెంటు నేల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, దానిపై చెదల మందు పూసిన రీపర్లు (సన్నటి చెక్క బద్దలు), వాటిపై 18 మిల్లీమీటర్ల పలకలు బిగించాలి. గోడల వెంట 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. లేకపోతే వానలకు చెక్క ఉబ్బి మధ్యలో పైకి లేస్తుంది. ఆ సందును స్కర్టింగ్, అంటే గోడ అడుగున బిగించే పట్టీ, కప్పేస్తుంది.