ఏర్పాటును గూర్చి బోధించబోయే తమ్ముడికి

గుంటూరు

ప్రియమైన తమ్ముడికి ప్రభువు నామంలో వందనాలు.

యవ్వనస్థుల కూటంలో దేవుని ఏర్పాటును గూర్చి, అంటే దేవుడు తన వారిని ముందే ఎన్నుకోవడం గూర్చి, రోమా పత్రిక 9వ అధ్యాయం నుండి బోధించబోతున్నావని తెలిసి సంతోషించాను. అయితే ఆ ఒక్క అధ్యాయంతో ఆపవద్దు. 9, 10, 11 అధ్యాయాలు మూడూ ఒకే వాదన గనుక, అందరినీ కరుణించాలన్నదే దేవుని ఉద్దేశమని చెప్పి పౌలు స్తుతించే చోటు వరకు వాళ్ళను తీసుకువెళ్ళు.

ముందుగా ద్వితీయోపదేశకాండం 7వ అధ్యాయం చదివించు. ఇశ్రాయేలీయులు లెక్కకు అన్ని జనాలకంటె తక్కువే అయినా, దేవుడు ప్రేమించాడు గనుకనే వారిని ఏర్పరచుకున్నాడని మోషే చెబుతున్నాడు. ర్యాంకులతో తమ విలువను కొలుచుకుంటూ పెరుగుతున్న మన గుంటూరు, విజయవాడ పిల్లలకు ఈ మాట ఎంతో అవసరం.

యాకోబును ప్రేమించి ఏశావును ద్వేషించానన్న మాట దగ్గర అందరూ ఆగిపోతారు. నీవూ అక్కడ తొందరపడవద్దు. మలాకీ గ్రంథంలో ఆ మాట ఆ అన్నదమ్ముల సంతతియైన రెండు జనాలను గురించి వచ్చింది. ఎదోమీయుడు (ఏశావు సంతతివాడు) నీ సహోదరుడే, అతణ్ణి ద్వేషించవద్దని ద్వితీయోపదేశకాండం 23లో ఆజ్ఞాపించినవాడూ ఆ దేవుడే. అలాగని, పిల్లలు పుట్టకముందే, మేలైనా కీడైనా చేయకముందే అన్న పౌలు మాటకున్న పదునును తగ్గించవద్దు. కఠినమైన వాక్యాన్ని మెత్తబరచి చెప్పే బోధ వినేవారిని నిలబెట్టదు.

రక్షణ పొందేవారిని దేవుడు ఏ షరతూ లేకుండా ముందే ఎన్నుకున్నాడని తీర్మానించిన 1618–19 నాటి డార్ట్ సభ బోధ, దానితో ఏకీభవించని మెథడిస్టు బోధకుడు వెస్లీ గారి బోధ క్లుప్తంగా చెబితే చాలు. 1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చి నాటిన మన లూథరన్ సంఘపు విశ్వాస ఒప్పుకోలును మాత్రం వివరంగా చెప్పు. రక్షణకు కారణం దేవుని ఏర్పాటేనని, నాశనానికి కారణం మాత్రం దేవుని నిర్ణయం కాదని ఆ ఒప్పుకోలు పత్రాల్లో ఒకటైన 1577 నాటి కాంకర్డ్ సూత్రం బోధిస్తుంది. ఈ రెండూ మన తర్కానికి పొసగకపోయినా, వాక్యం రెండూ చెబుతుంది గనుక రెంటినీ అలాగే పట్టుకో.

కూటం ముగిశాక ఎవరో ఒకరు ఒంటరిగా వచ్చి, "అన్నా, దేవుడు నన్ను ఏర్పరచుకున్నాడో లేదో నాకెలా తెలుస్తుంది?" అని అడుగుతారు. తన భక్తిని, కన్నీళ్ళను పరీక్షించి చూసుకోమని చెప్పవద్దు. జగత్తు పునాదికి ముందే దేవుడు మనలను క్రీస్తులో ఏర్పరచుకున్నాడని ఎఫెసీ పత్రిక చెబుతుంది గనుక, క్రీస్తునే చూపించు. పొందిన బాప్తిస్మాన్ని, ప్రభువు బల్ల దగ్గర "నీ కొరకు" అంటూ ఇచ్చే రొట్టెను గుర్తుచేయి. అవిశ్వాసంలో ఉన్న తన అన్న సంగతి అడిగితే, ఫలానావాడు ఏర్పరచబడలేదని తీర్పు చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదని స్పష్టంగా చెప్పి, మనుష్యులందరూ రక్షణ పొందాలని కోరే దేవుని ఎదుట ఆ అన్న పేరు ఎత్తి అక్కడే అతనితో కలిసి ప్రార్థన చేయి.

నీ క్షేమం కోరే
పెద్దన్నయ్య